బస్టాపు కార్పొరేటర్‌ది, బస్సు భగవంతుడిది

కార్పొరేటర్ పదవి మీద కన్నేసిన మనిషిని గుర్తుపట్టడం చాలా తేలిక. కాలనీలో ఎవరింట పెళ్లయినా, ఎవరింట చావయినా చుట్టాలకంటే ముందు ఆయన కనబడతాడు. గణేశ్ మండపం దగ్గర లడ్డూ వేలంపాటలో గొంతెత్తుతాడు. బోనాలకు ఫ్లెక్సీ కట్టిస్తాడు. అందులో అమ్మవారు ఒక మూలకు సర్దుకుని ఈయనకు చోటిస్తుంది. హైదరాబాదులో ఈసారి ఇలాంటి ఆశావహుల సంఖ్యకు అంతు లేదు. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న మున్సిపాలిటీలన్నిటినీ నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీలో కలిపేశాక 150 వార్డులు కాస్తా 300 అయ్యాయి. వార్డుకు నలుగురైదుగురు చొప్పున లెక్క మీరే వేసుకోండి.

అలాంటి ఒక అభ్యర్థి కరపత్రం మా గేటు కింద నుంచి లోపలికి వచ్చింది. ఆయన పేరు చెప్పను. పార్టీ కూడా చెప్పను. చెప్పినా నామినేషన్ల నాటికి అదే పార్టీలో ఉంటాడన్న పూచీ లేదు. కాగితం పైభాగమంతా పెద్ద నాయకుల ఫొటోలు, అడుగున చేతులు జోడించిన మన అభ్యర్థి. మధ్యలో మిగిలిన జానెడు జాగాలో రెండే ముక్కలు: 'నా మొదటి ప్రాధాన్యం ప్రజల మాట వినడం. రెండోది ప్రజారవాణా.'

నిజంగా ముచ్చటేసింది. కుట్టు మిషన్లు, క్రికెట్ కిట్లు, చీరల ప్రస్తావన లేకుండా ఇంత పద్ధతిగా రాసిన కరపత్రం ఈమధ్య చూడలేదు. కాస్త కుదురుగా ఆలోచిస్తే మాత్రం మతలబు బోధపడుతుంది. ప్రజల మాట వినడం ఆయన చేతిలో ఉన్న పని, కాబట్టి చేయడు. బస్సులు నడపడం ఆయన చేతిలో లేని పని, కాబట్టి హామీ ఇచ్చాడు.

ముందు బస్సు సంగతి చూద్దాం. నగర పాలక సంస్థలకు ప్రాణం పోయడానికి 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేశారు. 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు 18 అని జాబితా రాశారు. అందులో జనన మరణాల నమోదు ఉంది. శ్మశానాలున్నాయి. బందెలదొడ్లున్నాయి, కబేళాలున్నాయి. బస్సు లేదు. భూతద్దం పెట్టి వెతికితే 17వ అంశంలో వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, మరుగుదొడ్ల సరసన 'బస్టాపులు' అని ఒక మాట కనబడుతుంది. పౌరుడు పుట్టగానే పేరు రాసుకునేది కార్పొరేషనే, పోయాక కాటి దగ్గర చోటిచ్చేదీ కార్పొరేషనే. మధ్యలో యాభై అరవై ఏళ్లపాటు ఆఫీసుకు ఎలా వెళ్లాలన్నది మాత్రం పౌరుడి సొంత విషయం. వెళ్లే దాకా నిలబడటానికి ఒక స్టాపు ఇస్తారు, అంతే.

మరి బస్సు ఎవరిది? ఆర్టీసీది. ఆర్టీసీ రాష్ట్ర ప్రభుత్వానిది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు రైల్వేది. రోడ్డు చాలావరకు కార్పొరేషన్‌ది, కొంత జాతీయ రహదారులవాళ్లది, ఇంకొంత ఆర్ అండ్ బీది. సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. మెట్రో పట్టాలకు మరో సంస్థ, శివారు లేఅవుట్లకు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలని 2008లో హెచ్ఎండీఏ చట్టం వచ్చినప్పుడే 'యుమ్టా' అనే ఏకీకృత రవాణా సంస్థను తలపెట్టారు. ఆలోచన పుట్టి పదిహేడేళ్లు దాటింది. మెట్రో దిగినవాడికి బస్సు, బస్సు దిగినవాడికి ఎంఎంటీఎస్ అందడం నేటికీ వాడి జాతకాన్ని బట్టే ఉంది.

ఈ ఏర్పాటుకు ఒక చరిత్ర ఉంది. హైదరాబాదులో బస్సు సర్వీసును 1932లో నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో మొదలెట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా యజమాని పేరు మారింది తప్ప బస్సు ఏనాడూ నగరపాలిక చేతికి రాలేదు. ముంబయిలో అలా జరగలేదు. అక్కడ 1947లో బెస్ట్ బస్సులు కార్పొరేషన్ అధీనంలోకి వచ్చాయి. అహ్మదాబాదులోనూ అదే ఏడు సిటీ బస్సులు మున్సిపాలిటీవి అయ్యాయి. అక్కడా నష్టాలున్నాయి, అక్కడా జనం ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. కాకపోతే బస్సు రాకపోతే కార్పొరేటర్ కాలరు పట్టుకోవచ్చు. మన దగ్గర కాలరు పట్టుకుంటే ఆయన డిపో మేనేజర్ నంబరు ఇస్తాడు. అది బిజీగా ఉంటుంది.

అలాగని కార్పొరేషన్‌కు బస్సుతో బొత్తిగా బాంధవ్యం లేదనుకోకండి. నష్టాలు వచ్చినప్పుడు చుట్టరికం గుర్తొస్తుంది. 2014-15, 2015-16 సంవత్సరాల్లో సిటీ బస్సుల నష్టం పూడ్చడానికి జీహెచ్ఎంసీ ఆర్టీసీకి రూ.336 కోట్ల దాకా ఇచ్చింది. ఆ తర్వాత మా గల్లాపెట్టె ఖాళీ అంది. ఇవ్వాల్సిందేనా, అక్కర్లేదా అన్న పేచీ 2019 ఆర్టీసీ సమ్మెలో హైకోర్టు దాకా వెళ్లింది. ఆ సమ్మె 52 రోజులు నడిచింది. ముగిశాక నగరంలో దాదాపు వెయ్యి సిటీ బస్సులు తగ్గిపోయాయి. మీ వీధిలో ఏ ట్రిప్పు తీసేస్తే మీకు ఇబ్బంది లేదో చెప్పండని వార్డుల్లో సభ పెట్టి అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. డబ్బులిచ్చేటప్పుడు కార్పొరేషన్ ఇంటి పెద్దల్లుడు, రూటు నిర్ణయించేటప్పుడు దారిన పోయే దానయ్య.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. పనిమనుషులకు, బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలకు నెలకు మిగిలే ఆ డబ్బు చిన్నది కాదు. చార్జీ సమస్య తీరింది, ఇక బస్సు ఎక్కడం ఒక్కటే మిగిలింది. 8ఏ గాని, 218 గాని సాయంత్రం ఆరున్నరకు ఎక్కి చూడండి. ఎక్కితే మీరు అదృష్టవంతులు, దిగాల్సిన చోట దిగితే మహానుభావులు.

ఇప్పుడు ప్రజల మాట వినడం. కరపత్రం పంచిన వారంలోనే అభ్యర్థిగారు మా కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, ఒక మైకు. అభ్యర్థి పక్కన నోటుపుస్తకం పట్టుకుని ఒక కుర్రాడు.

"మీరు చెప్పుండ్రి. మీరేం చెప్తె గదే నా మేనిఫెస్టో" అన్నాడు అభ్యర్థి.

ఇళ్లల్లో పనిచేసే ఒక పెద్దావిడ లేచింది. "బిడ్డా, పొద్దుగాల ఐదున్నర బస్సు బందయింది. ఆటోకు పోను ముప్పై, రాను ముప్పై అయితున్నయి. ఆ బస్సు మళ్ల ఏపిస్తవా?"

"ఎందుకేపియ్యనమ్మా! బస్సేంది, మన కాలనీకి మెట్రోనే తెస్త."

"మెట్రో వద్దు బిడ్డా, బస్సు."

"మెట్రోల ఏసీ ఉంటదమ్మా."

"నాకు చలి పడదు నాయినా" అని ఆవిడ కూర్చుంది. హాలంతా చప్పట్లు. అవి తనకేననుకుని అభ్యర్థి నమస్కారం పెట్టాడు.

తర్వాత రిటైర్డు హెడ్మాస్టరుగారు లేచారు. "బాబూ, మన మెయిన్ రోడ్డు మీద షెల్టరున్న చోట బస్సు ఆగదు. బస్సు ఆగే చోట షెల్టరు లేదు. బస్సు నీ చేతిలో లేదని నాకు తెలుసు. షెల్టరు మీదే కదా, దాన్ని వంద గజాలు ముందుకు జరిపించగలవా?"

అభ్యర్థి మొహంలో మొదటిసారి కంగారు కనబడింది. కుర్రాడి చెవిలో ఏదో గుసగుసలాడి, "సార్, మెట్రో అంటే తేగలను గని, షెల్టరంటే జర కష్టం. దానికి యాడ్ ఏజెన్సీతోని అగ్రిమెంటు ఉంటది" అన్నాడు.

ఆ సభలో ఇంతకుమించిన సత్యం ఎవరూ పలకలేదు. మన బస్ షెల్టర్లు చాలావరకు ప్రకటనల ఆదాయం మీద బతికేవి. కట్టినవాడు ప్రకటనలు వేసుకుని డబ్బు రాబట్టుకుంటాడు. అందుకే షెల్టరు ప్రయాణికుల కళ్లబడే చోటకంటే కార్లవాళ్ల కళ్లబడే చోట మొలుస్తుంది. మెయిన్ రోడ్డులో మా షెల్టరే చూడండి. పక్కగోడ నిండా నగల దుకాణం ప్రకటన. ఆ గోడ సరిగ్గా బస్సు వచ్చే వైపే ఉంది కాబట్టి లోపల కూర్చున్నవాడికి బస్సు కనబడదు. బస్సు కనబడాలంటే రోడ్డు మీదికి రావాలి. వస్తే ఎండ. కూర్చునే చోట మూడు ఇనప గొట్టాలు. వాటి మీద కూర్చోవడంకంటే బస్సులో నిలబడటం నయం. ఒక కొసన సెల్‌ఫోన్ కవర్లమ్మే అతని గొడుగు, రెండో కొసన రెండు బైకులు. ముందర షేర్ ఆటోలు బారులు తీరి ఉంటాయి కాబట్టి డ్రైవర్ పాపం బస్సును రెండో వరసలో, ముందుకు తీసుకెళ్లి ఆపుతాడు. జనం సంచులు, పిల్లలతో పరుగు. రాత్రయితే షెల్టరులో నగలు పెట్టుకున్న ప్రకటన అమ్మాయికి లైటుంటుంది. కింద నిలబడ్డ అమ్మాయికి ఉండదు.

పెద్ద ఆశయాలు లేక ఇలా అయిందనుకోకండి. 2018లో ఖైరతాబాదులో ఏసీ బస్ షెల్టరు ప్రారంభించి దేశంలోనే మొదటిదని గర్వంగా చెప్పుకున్నాం. ఫోన్ చార్జింగు, వైఫై, ఏటీఎం, మరుగుదొడ్డి అన్నీ ఉండాలని అనుకున్నాం. ఆ జాబితాలో లేనిదొక్కటే, బస్సు ఎప్పుడొస్తుందన్న హామీ. డబుల్ డెక్కర్ కథా ఇలాంటిదే. ఒకప్పుడు జనం ఎక్కిన బస్సు అది. 2023లో మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తిరిగొచ్చాయి. ఒక్కోటి రెండు కోట్ల పైమాటే. కొన్నది హెచ్ఎండీఏ. మొదటి డ్యూటీ ఫార్ములా-ఈ రేసుకు, తర్వాత పర్యాటకులకు. ఆఫీసుకు పోయేవాడు కింద నిలబడి వాటిని ఫొటో తీసుకోవచ్చు.

సభలోకి మళ్లీ వద్దాం. పౌరులందరూ అమాయకులని, పాపమంతా నాయకులదేనని రాస్తే పాఠకులు మెచ్చుకుంటారు గాని, మా హాలు సాక్ష్యం ఒప్పుకోదు. కాలనీ సంఘం అధ్యక్షులవారు లేచి, బస్సు మన లోపలి రోడ్డులోకి రావడానికి వీల్లేదన్నారు. వస్తే హారన్ మోత, బయటివాళ్ల రాకపోకలు, ప్లాట్ల రేట్లు పడిపోతాయట. మరొకాయన బస్టాపు కావాల్సిందేగాని తన గేటు ముందు వద్దన్నారు. ఎదురింటాయన గేటు ముందు ఉంటే అభ్యంతరం లేదన్నారు. ఎదురింటాయన కూడా అక్కడే ఉండటంతో అయిదు నిమిషాలు చర్చ వేరే దారి పట్టింది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు "అన్నా, ప్రజారవాణాకు నా ఫుల్ సపోర్ట్. మెట్రో స్టేషన్ దగ్గర కార్ పార్కింగ్ ఇప్పియ్యండి చాలు" అన్నాడు. పక్కవాడు బస్సెక్కితే రోడ్డు ఖాళీ అయి తన కారు సాఫీగా పోతుందన్నదే ప్రజారవాణా మీద మనందరి గాఢమైన అభిమానం.

నోటుపుస్తకం కుర్రాడు మాత్రం ఆపకుండా రాస్తూనే ఉన్నాడు. సమోసా కోసం వంగినప్పుడు ఆ పేజీ కనబడింది. నిలువునా నాలుగు గళ్లు: పేరు, ఇంటి నంబరు, ఫోను, ఓట్లు. అభిప్రాయానికి గడి లేదు. ఐదున్నర బస్సు అడిగిన పెద్దావిడ పేరు ఎదురుగా '4' అని ఉంది. హెడ్మాస్టరుగారి ఎదుట '2' రాసి, ప్రశ్నార్థకం పెట్టాడు.

ప్రజల మాట వినడానికి చట్టం దారి చూపలేదా అంటే, దివ్యంగా చూపింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణే చెబుతోంది. 2020 అక్టోబరులో జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించి, వార్డుకు ఒకటి చాలదని నాలుగు కమిటీలన్నారు: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు. మీ వార్డు కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుందో, అందులో ఎవరున్నారో పక్కింటివాళ్లను అడిగి చూడండి. ఇలాంటి కమిటీలు కాగితమ్మీద నిండే తీరు మనకు కొత్తా? యువత కోటాలో నాయకుడి బామ్మర్ది, మహిళల కోటాలో వదినగారు, వృద్ధుల్లో మామగారు. ప్రముఖుల దగ్గరికొచ్చేసరికి కుటుంబంలో మనుషులు అయిపోతారు కాబట్టి కాంట్రాక్టరుకు అవకాశం. సగం సీట్లు మహిళలకు కేటాయించారు, సంతోషం. అయినా ఎన్నో చోట్ల గెలిచేది ఆవిడ, ఫోనెత్తేది ఆయన. 'కార్పొరేటర్ భర్త' అనే పదవి ఏ చట్టంలోనూ లేదు, ఫ్లెక్సీ మీద మాత్రం ఉంటుంది.

వినడానికి మనవాళ్లిచ్చే వ్యవధి కూడా ఘనంగానే ఉంటుంది. వార్డుల్ని 300గా చీల్చినప్పుడు అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి ముందిచ్చిన గడువు వారం రోజులు. కొందరు హైకోర్టుకెక్కితే ఇంకాస్త పెరిగింది. తాను ఏ వార్డులో పడ్డాడో తెలుసుకోవడానికే పౌరుడికి ఆ గడువు సరిపోయింది. పుణెలో 2006 ప్రాంతం నుంచి వార్డు పనుల మీద పౌరులే దరఖాస్తు రాసిస్తే బడ్జెట్‌లో చేర్చే పద్ధతి ఉంది. అదేమీ స్వర్గం కాదు, చిన్న చిన్న పనులకే పరిమితం. కాకపోతే అడిగింది కాగితమ్మీద ఉంటుంది, చేశారో లేదో రేపు చూసుకోవచ్చు.

మెట్రో హామీ మాటేమిటంటారా? 2017 నవంబరు 28న ప్రధానమంత్రి మియాపూర్‌లో మెట్రోను ప్రారంభించారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మూడో దారి కూడా తెరుచుకున్నాక మొత్తం 69 కిలోమీటర్లయింది. తొలి పథకంలోనే ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన దారి ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. పాతబస్తీకి ఆ అయిదారు కిలోమీటర్ల కోసం ఎమ్మెల్యేలడిగారు, ఎంపీలడిగారు, ముఖ్యమంత్రులు మాటిచ్చారు. లోకల్ రైలు కథా అంతే. ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఎవరి వాటా ఎవరు ఎప్పుడిచ్చారన్న వాదనలోనే ఏళ్లు దొర్లాయి. ఇంతమంది మంత్రులు, ఇన్ని కోట్లు కదిలించలేని పట్టాలను వార్డు ఆఫీసులో కూర్చుని మన అభ్యర్థి కదిలిస్తాడట. వీధికుక్కల ఫిర్యాదు తీసుకోవడానికే ఆయన సోమవారం రమ్మంటాడు.

ఈలోగా కార్పొరేషన్ తన చేతిలో ఉన్న డబ్బుతో ఏం చేసిందంటే, ఫ్లైఓవర్లు కట్టింది. ఎస్ఆర్‌డీపీ అనే రోడ్ల పథకం పేరుతో కట్టిన వాటికోసం అప్పులు చేసింది, 2018లో 8.9 శాతం వడ్డీకి బాండ్లు అమ్మింది. ఫ్లైఓవర్ మీద బస్టాపు ఉండదు. బస్సు ఎక్కాల్సినవాళ్లు కిందే ఉంటారు కాబట్టి బస్సూ కిందినుంచే, పాత సిగ్నల్ దగ్గరే ఆగుతూ పోతుంది. పైనుంచి పోయే కారుకు బస్సు ప్రయాణికుడు కట్టే ఇంటిపన్ను కూడా ఊతమిస్తోంది.

ఇదంతా ఓటు అడిగేవాళ్లకు తెలియక కాదు. 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికలను గుర్తుచేసుకోండి. ఢిల్లీ నుంచి హోంమంత్రి వచ్చారు, లక్నో నుంచి ముఖ్యమంత్రి వచ్చారు. పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ అన్నారు, ఊరి పేరు మారుస్తామన్నారు, వరద సాయం పదివేలు ఎవరికి అందాయో ఎవరికి అందలేదో అన్న రగడ నడిచింది. బస్టాపు గురించి మాట్లాడటానికి ఎవరికీ గొంతు మిగల్లేదు. ఓటేసింది 46 శాతం చిల్లర. మిగతావాళ్లు సెలవు తీసుకున్నారు. ప్రజాభిప్రాయం అంటే ముఖ్యంగా అదే. సగానికి పైగా నగరం మాకేమీ చెప్పాలని లేదు పొమ్మంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈసారి చేతులు జోడించుకుని అభ్యర్థి మీ గుమ్మంలోకొస్తే సమోసా తినేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. షెల్టరును బస్సు ఆగే చోటికి జరిపిస్తావా? ఇంటినుంచి అక్కడిదాకా ముసలివాళ్లు నడవగలిగేలా ఫుట్‌పాత్, లైటు, మరుగుదొడ్డి పెట్టిస్తావా? వార్డు కమిటీని మూణ్ణెల్లకోసారి కూర్చోబెట్టి, డిపో మేనేజర్‌ని పిలిపించి, ఏ ట్రిప్పు ఎందుకు తీశారో మా ఎదుట అడుగుతావా? ఏం మాట్లాడుకున్నారో కాగితం రాసి వార్డు ఆఫీసు గోడకు అంటిస్తావా? వీటికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు. కార్పొరేటర్ సంతకం, కాస్త సిగ్గు ఉంటే చాలు.

మెట్రో తెస్తానన్న అభ్యర్థికి మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపండి. షెల్టరు జరిపిస్తానన్నవాడు కనబడితే ఏ పార్టీ అని చూడకుండా ఓటేయండి. ఆ మాట కూడా ముందు కాగితమ్మీద రాయించుకుని, కింద సంతకం పెట్టించుకోండి.